ఒడంబడికయు ధర్మమును: ఒకని భారమును పలువురి లాభముతో తూచుట

పదిమందికి మేలు కలుగునెడల నొక్కనికి కీడు కలిగినను దోషము లేదని లోకులు తఱచుగా చెప్పుచుందురు. ఈ మాట చూచుటకు ధర్మమువలెనే యుండును. మేలు పొందువారు పదిమంది, నష్టపడువాడొక్కడు, పది యొకటికంటె పెద్దది, కాబట్టి లెక్క సరిపోయినదని తోచును. కాని యీ లెక్క వ్రాయువాడు సామాన్యముగా నా పదిమందిలోనివాడే గాని యా యొక్కడు కాడు. ఆ యొక్కని నడిగినయెడల నతడేమనును? అతని యుత్తరమునకు లెక్కలో స్థానము గలదా? ఈ ప్రశ్నను విచారించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము. నీతికి మూలము మనుష్యులలో మనుష్యులకు గల యొడంబడిక యని చెప్పిన పండితుల మతమును మొదట సంగ్రహముగా వివరించి, పిమ్మట నొకరి భారమును మఱియొకరి భారముతో నెట్లు తూచవలయునో చూచి, కడపట మన దేశములోని భూసేకరణ విషయమునకు నీ విచారమును వర్తింపజేసెదము.

1. ఒడంబడిక యనగా నేమి

జనులు తమలో తామొక యేర్పాటు చేసికొని రాజు నెన్నుకొనిరను కథ మన దేశమునకు క్రొత్తది కాదు. రాజు లేనందున బలవంతులు దుర్బలులను పెద్దచేపలు చిన్నచేపలను మ్రింగినట్లు మ్రింగుచుండగా, ప్రజలు కూడి సమయము చేసికొని, మనువును రాజుగా గోరి, పశువులలోను బంగారములోను ఏబదియవ పాలును, ధాన్యములో పదియవ పాలును అతని కిచ్చుట కొప్పుకొనిరని మహాభారత శాంతిపర్వమున జెప్పబడినది. బౌద్ధుల దీఘనికాయములోని అగ్గఞ్ఞసుత్తమునందు మహాసమ్మతుడను రాజును జనులే యేర్పఱచుకొనిరని యున్నది. ఆ పేరునకే పలువురిచేత సమ్మతింపబడినవాడని యర్థము.

ఐరోపాఖండమున నీ భావమును శాస్త్రముగా పెంచినవారిలో ముగ్గురు ముఖ్యులు. రాజ్యము లేనిచోట ప్రతివానికిని ప్రతివానివలన భయము కలుగును గనుక, ప్రాణరక్షణకై జనులు తమ స్వేచ్ఛను ఒక యధికారికి సమర్పింతురని థామస్ హాబ్స్ 1651లో వ్రాసెను. మనుష్యునకు ప్రాణమును స్వేచ్ఛయు ఆస్తియు రాజ్యమునకు పూర్వమే గలవనియు, వానిని కాపాడుటకే ప్రభుత్వ మేర్పడెననియు, కాపాడని ప్రభుత్వమును తొలగింపవచ్చుననియు జాన్ లాక్ 1689లో వాదించెను. అందఱితో గూడియుండియు, తానొప్పుకొనిన శాసనమునకే తాను లోబడునట్టి సంఘమే న్యాయమైనదని రూసో 1762లో బోధించెను.

ఈ మతముపై గట్టి దెబ్బ కొట్టినవాడు డేవిడ్ హ్యూము. ఇట్టి యొప్పందము చరిత్రలో నెచ్చట జరిగినది? రాజ్యములలో పెక్కులు జయముచేతనో యాక్రమణముచేతనో పుట్టినవి గదా? దేశము విడిచిపోలేదు గనుక సమ్మతించినట్లేనని పలుకుట, నిద్రించువానిని ఓడలోని కెత్తికొనిపోయి, సముద్రమధ్యమున వాడు దుమికి చావలేదు గనుక నావికుని యధికారమునకు సమ్మతించెనని చెప్పుటవంటిదేనని 1748లో నతడు హాస్యము చేసెను. ఈ యాక్షేపణ న్యాయమైనదే. దీనికి తగిన యుత్తరము కాంటు 1793లో చెప్పెను. ఒడంబడిక జరిగినదా యని చరిత్రలో వెదకుట వ్యర్థము. అది బుద్ధి తనకు తాను పెట్టుకొనిన పరీక్ష. ప్రజలందఱును ఒప్పుకొనుటకు వీలులేని శాసనము అన్యాయమైనదని దాని భావము. ఇట్లు ‘ఒప్పుకొనిరా’ యను ప్రశ్న తొలగి, ‘ఒప్పుకొనదగినదా’ యను ప్రశ్న యేర్పడినది. ఈ మార్పును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు చెప్పబోవునదంతయు దీనిపై నాధారపడియున్నది.

ఈ భేదము వ్యవహారమునందును స్పష్టమే. కాగితముపై వ్రాలున్నంతమాత్రమున సమ్మతి కలదని న్యాయశాస్త్రము చెప్పదు. నిర్బంధము, అనుచితమైన యొత్తిడి, మోసము, అసత్యకథనము, పొరపాటు అను నైదింటివలన గలిగిన సమ్మతి స్వేచ్ఛాసమ్మతి కాదని 1872 సంవత్సరపు భారత కాంట్రాక్టు శాసనము నిర్ణయించినది. ఇద్దఱి నడుమ జరుగు క్రయవిక్రయములకే యింత పరీక్ష యుండగా, సంఘమంతటికిని వర్తించు నియమమునకు దీనికంటె తక్కువ పరీక్ష చాలునా?

2. ఏకచక్రపురపు టేర్పాటు

ఈ పరీక్షను మన మెఱిగిన కథతో నొకసారి చేసి చూతము. ఏకచక్రపురవాసులకును బకాసురునకును నడుమ నొక యేర్పాటుండెను. వంతు ప్రకార మొక్కొక్క యింటివారు బండెడన్నమును, రెండు దున్నపోతులను, వానిని తీసికొనిపోవు మనుష్యుని వాని కాహారముగా నొసంగవలెను. దానికి ప్రతిఫలముగా రాక్షసుడు పురమును పగవారినుండి కాచును. వంతు అందఱికిని సమానము. ఒక్కొక్క యింటి కది పెక్కేండ్ల కొకసారి వచ్చును. లెక్క ప్రకారము చూచినయెడల వంతునకొక ప్రాణము పోవును, ఊరంతయు నిలుచును. ఇంతకంటె సమత్వమేమి కావలెనని యెవడైన నడుగవచ్చును.

అయినను ఈ యేర్పాటున మూడు దోషములు గలవు. మొదటిది, ఇది భయమువలన బుట్టిన సమ్మతి. నిరాకరించిన యింటివా రెల్లరును చత్తురు. రెండవది, సమత్వము పేరునకు మాత్రమే. వంతు వచ్చిన బ్రాహ్మణుడు దుఃఖించుచు, తనకు బదులుగా నొక మనుష్యుని కొని పంపుటకు ధనము లేదే యని చెప్పుకొనెను. ధనమున్నవాడు తప్పించుకొనగల భారము సమానభారము కాదు. అది తుదకు బీదవాని నెత్తికే దిగును. మూడవది యన్నిటికంటె ముఖ్యము. ఎవరు పోవలెనని యందఱు నడిగిరి గాని, ఎవరైన నేల పోవలెనని యడిగినవారు లేరు. ఆ దేశపు రాజు సయితము రక్షణోపాయమును ఆలోచింపక యూరకుండెను. భారమును పంచుటలో న్యాయము విచారించుటకు ముందు, ఆ భారము తప్పనిదా యని విచారింపవలెను. ఈ మూడవ ప్రశ్నకు భీముడు చెప్పిన యుత్తరము చదువరు లెఱిగినదే.

3. కూడికలోని దోషము

ఇక పదిమంది మేలు పేరిట జేయు కూడికను పరీక్షింతము. అందఱి సుఖదుఃఖములను ఒక్క మొత్తముగా గూడి, ఆ మొత్తము మిక్కిలి యధికముగా నుండునట్లు చేయుటయే ధర్మమని బెంథాము 1789లో ప్రకటించెను. జాన్ స్టూఅర్టు మిల్లు 1861లో దానిని సంస్కరించి సమర్థించెను. ఈ ప్రయోజనవాదమువలన లోకమునకు గలిగిన మేలు కొంచెము కాదు. రాజుయొక్క సుఖమును కూలివానియొక్క సుఖమును ఒకే త్రాసున దూచవలెనని యది నేర్పినది. ఆ ఘనత దానికి చెల్లవలసినదే.

కాని దాని దోషమును జాన్ రాల్స్ 1971లో ప్రచురించిన ‘న్యాయసిద్ధాంత’ గ్రంథమున బయలుపెట్టెను. ఒక మనుష్యుడు నేడు చేదు మందు త్రాగి రేపు ఆరోగ్యము పొందును. నేటి బాధయు రేపటి సుఖమును ఒక్కనివే గనుక నతడు రెంటిని దూచి చూచుకొనుట వివేకము. సంఘమునకట్టి యొక్క దేహము లేదు. ఇచ్చట చేదు త్రాగువాడొకడు. ఆరోగ్యము పొందువాడు మఱియొకడు. మొత్తము పెరిగినదను మాట త్రాగినవానికి సమాధానము కాజాలదు. ఏలయన నా మొత్తమును అనుభవించు వ్యక్తి యెవ్వడును లేడు. మనుష్యులు వేఱువేఱు ప్రాణములను సత్యమును ప్రయోజనవాదము మఱచినదని రాల్స్ యొక్క యాక్షేపణ.

దీనికి మాఱుగా రాల్స్ ఒక యుపాయమును చూపెను. తాను ధనికుడుగా బుట్టునో దరిద్రుడుగా బుట్టునో, స్త్రీయో పురుషుడో, బలవంతుడో రోగియో యెఱుగకుండ, అజ్ఞానపు తెఱ వెనుక నిలిచి సంఘనియమముల నెన్నుకొనవలెను. అప్పుడు ప్రతివాడును మిక్కిలి హీనస్థితిలోనివానిని మఱవకుండ నియమములను గోరును. ఈ యుపాయము గొప్పదే; కాని తెఱ వెనుకనున్నవాడు జూదరివలె తనకు సగటున నెంత లాభమో లెక్కించి, మరల మొత్తములనే కోరవచ్చునని హర్సాన్యి మొదలగు నర్థశాస్త్రజ్ఞులు వాదించిరి.

అందుచేత టి. ఎం. స్కాన్లన్ తెఱను తీసివేసెను. 1998లో బ్రకటించిన గ్రంథమున నతడు చెప్పిన సూత్రమిది: ఇతరులతో గూడి యొప్పుదలగా జీవింపగోరు వారిలో నెవ్వరును సహేతుకముగా నిరాకరింపజాలని నియమములు అనుమతింపని పని యధర్మము. ఇచ్చట ప్రతివాడును తన స్థితిని తానెఱిగి, తన ముఖముతోనే మాటలాడును. ఆక్షేపణలను ఒక్కొక్కటిగా వినవలెను. పలువురి చిన్న చిన్న యాక్షేపణలను మూటగట్టి యొక్కని పెద్ద యాక్షేపణపై వేయరాదు.

దీనికతడు చెప్పిన దృష్టాంతము ప్రసిద్ధమైనది. దూరదర్శన ప్రసార మందిరమున నొక పనివానిపై యంత్రము పడినది. అతని చేయి నలిగి, విద్యుదాఘాతములచే నతడు విలవిలలాడుచున్నాడు. అతనిని విడిపింపవలెనన్న ప్రసారమును కొంతసేపు నిలుపవలెను. ఆ సమయమున లక్షలకొలది జనులు బంతియాట చూచుచున్నారు. ఆట ముగియువఱకును అతనిని బాధపడనీయవచ్చునా? కూడికవాదియొక్క లెక్కలో చూచువారి సంఖ్య పెరిగినకొలదిని, ఎప్పుడో యొకప్పుడు వారి వినోదపు మొత్తము ఆ పనివాని వేదనను మించవలెను. కాని యొక్కొక్క ప్రేక్షకుని వేఱుగా నిలిపి, ‘నీకు కలుగు నష్టమేమి?’ యని యడిగినచో, కొంతసేపటి యాట తప్పుట మాత్రమే యనును. అట్టివారు లక్షయైనను కోటియైనను, ఆ పనివానితో ‘నీ బాధకంటె నా నష్టము పెద్దది’ యని ముఖాముఖిగా బలుకగలవా డొక్కడును లేడు.

ఇచ్చట మనవారిలో కొంద ఱొక నీతివాక్యమును ముందునకు దెత్తురు. కులముకొఱ కొకనిని విడువవలెననియు, గ్రామముకొఱకు కులమును విడువవలెననియు విదురుడు చెప్పలేదా యని వారి ప్రశ్న. చెప్పెను, కాని సభాపర్వమున నా మాట యెవనిగూర్చి చెప్పెనో చూడవలెను. పరుల కీడునకు దానే కారణమగుచున్న దుర్యోధనునిగూర్చి యతని తండ్రితో జెప్పిన మాట యది. తన దోషముచే భారమును దెచ్చుకొనినవాని యాక్షేపణకు బలము తగ్గుననుట న్యాయమే. నిరపరాధిని బలియిచ్చుట కా వాక్యమును ప్రమాణము చేసికొనుట విదురునికి చేసిన యపచారము.

4. సంఖ్యకు విలువ లేదా

అట్లయిన సంఖ్యకు బొత్తిగా విలువ లేదా? వరదలో నొకవైపున నొక్కడును, మఱియొకవైపున నైదుగురును కొట్టుకొనిపోవుచుండగా, మనకున్నది యొకే పడవ యైనచో నేమి చేయవలెను? ప్రతివాని నష్టమును ప్రాణమే. ఒక్కొక్కనినే తూచినచో రెండు ప్రక్కలును సమానమగును. ఇట్టిచోట నాణెమెగురవేసి, అందఱికిని సగపాలు అవకాశమిచ్చుట న్యాయమని జాన్ టారెక్ 1977లో వ్రాసెను. ఈ మాట పలువురకు రుచింపలేదు. ఒకవైపు నొకడు, వేఱొకవైపు నొకడు ఉన్నప్పుడు త్రాసు సరిగా నిలుచును. పిమ్మట రెండవవైపున నింకొకడు వచ్చి చేరినను త్రాసు కదలకున్నచో, ఆ వచ్చినవాడు ఉన్నను లేకున్నను ఒక్కటే యని చెప్పినట్లగును. అది వాని ప్రాణమును లెక్కపెట్టకుండుటయే కదా! ఫ్రాన్సిస్ కామ్ ఇట్లు యుక్తి చూపగా, స్కాన్లన్ దాని నంగీకరించెను. కాబట్టి భారములు సమానమైనచోట సంఖ్య తీర్పు చెప్పవచ్చును. భారములు మిక్కిలి యసమానమైనచోట చెప్పరాదు.

ఈ రెంటికిని నడుమ కష్టమైన చోటులు గలవు. ఒకని ప్రాణమునకెదురుగా నూఱుగురి కాలుసేతులు పోవునప్పుడేమి? ఇట్టిచోట్ల నొక్కొక్కని యాక్షేపణనే చూడవలెనను నిబంధన నిలువజాలదని డెరెక్ పార్ఫిట్ 2011లో ఖండించెను. ఈ వివాద మింకను తీరలేదు. కాని తలనొప్పులు కోటి కలిసినను నొక ప్రాణమునకు సరిగావను మాట యీ వివాదమువలన చెడదు.

5. ఒడంబడికకు వెలుపల నుంచబడినవారు

ఈ మతమునకు వేఱొక పెద్ద లోపము చరిత్రవలన బయలుపడినది. ఒప్పుకొనువారెవరను ప్రశ్నలోనే యన్యాయము దాగియుండవచ్చును. సర్వజనసమ్మతిని బోధించిన కాంటే 1797లో స్త్రీలను, పరుల కొలువుననుండు సేవకులను, క్రియాశీలురైన పౌరుల లెక్కనుండి తొలగించెను. వెనుకటి యొడంబడికలు పురుషులు తమలో తాము చేసికొన్నవని కరోల్ పేట్‌మన్ 1988లోను, తెల్లవారు తమలో తాము చేసికొన్నవని చార్లెస్ మిల్స్ 1997లోను ఆక్షేపించిరి. ఇది మూలసిద్ధాంతమును త్రోసివేయునది కాదు. దానిని పూర్తిగా నమలుపఱుపుమని యడుగుట. నోరులేనివాడు, సభకు రానివాడు, ఇంకను పుట్టనివాడు సయితము పలుకగలిగిన నేమని యాక్షేపించునో విచారింపని యెడల, మన యొడంబడిక ఏకచక్రపురపు టేర్పాటువంటిదే యగును.

6. భూసేకరణమున నీ విచారము

ఇప్పుడు మన కన్నులయెదుటి విషయమునకు వత్తము. నాగార్జునసాగరమునకు 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగెను; 1967లో కాలువలకు నీరు విడిచిరి. కృష్ణ కిరువైపుల లక్షలకొలది యెకరములు తడిసినవి. అదే జలాశయమున నాగార్జునకొండ లోయ మునిగినది. మునుగుటకు ముందు త్రవ్వకములు జరిపి, ప్రాచీన కట్టడములలో ముఖ్యమైనవానిని విప్పి, కొండమీద మరల గట్టిరి. ఆ కార్యము శ్లాఘింపదగినదే. లోయలోని జనులును ఊళ్లు విడిచి పోవలసినవారైరి. ఊరు కట్టడమువలె విప్పి మరల గట్టదగినది కాదు. దానిలో భూమి మాత్రమే గాక, పొరుగును, పనియు, మేతబీడును, అప్పు పుట్టు చోటును, ఆపదలో తలుపు తట్టదగిన యిల్లును ఉన్నవి. గోదావరిపై పోలవరము నిర్మాణమునందును ముంపుభారము ముఖ్యముగా కోయలు, కొండరెడ్లు మొదలగు గిరిజనుల గూడెములపై బడినది.

శాసన మీ భారము నెట్లు తూచినది? బ్రిటిషు పాలనలో 1894లో నేర్పడిన భూసేకరణ శాసనమున, భూమి ప్రజాప్రయోజనమునకు గావలెనని ప్రభుత్వము చేసిన ప్రకటనయే దానికి తిరుగులేని సాక్ష్యము. ఆక్షేపణలు వినుటకు 5-ఎ సెక్షను 1923లో గాని చేరలేదు. పరిహారమును నిర్ణయించునపుడు, భూమిని విడుచుట కా మనుష్యునికి గల యనిష్టమును న్యాయస్థానము లెక్కలోనికి దీసికొనరాదని 24వ సెక్షను స్పష్టముగా నిషేధించినది. ఒడంబడికవాదము దేనిని మొదట వినవలెననుచున్నదో, దానినే యీ శాసనము వినరాదని చెప్పినది. ఇష్టములేని విక్రయమునకుగాను ధరపైని హెచ్చుగా నిచ్చు సొలేషియము మొదట నూటికి 15, 1984నుండి నూటికి 30 వంతున నుండెను. భూమిపై హక్కు లేని కూలివానికి, చేతిపనివానికి దీనిలో చోటు లేదు.

2014 జనవరి 1వ తేదీనుండి యమలులోనికి వచ్చిన 2013 సంవత్సరపు శాసనము దీనిని చాలవఱకు సవరించినది. సొలేషియము నూటికి నూఱయ్యెను. మూడేండ్లుగా నా ప్రదేశమున పనిచేసి జీవించు కూలీలును, కౌలుదార్లును, చేతిపనివారును బాధితులలో జేరిరి. ప్రైవేటు కంపెనీల కొఱకైనచో బాధితకుటుంబములలో నూటికి 80 వంతుల వారియొక్కయు, ప్రభుత్వముతో గూడిన భాగస్వామ్యమైనచో 70 వంతుల వారియొక్కయు సమ్మతి కావలెను. షెడ్యూల్డు ప్రాంతములలో గ్రామసభయొక్క ముందస్తు సమ్మతి కావలెను. అయినను లోపములు మిగిలినవి. ప్రభుత్వము తన స్వంత కార్యమునకు దీసికొనునపుడు సామాన్యప్రాంతములలో నీ సమ్మతి యక్కఱలేదు. పర్యావరణ పరీక్ష జరుగవలసిన నీటిపారుదల నిర్మాణములకు సామాజిక ప్రభావ విచారణనుండి మినహాయింపు గలదు; తఱచుగా జనులను ముంచునవి యవియే! కొన్ని రాష్ట్రములు తమ సవరణలను వేఱుగా చేసికొన్నవి.

అయిన ఆనకట్టలు కట్టరాదా? మేమట్లు చెప్పుట లేదు. కాలువ తుదనున్న రైతు వర్షము లేక పంట చెడి, అప్పులలో మునిగియుండునప్పుడు, అతని భారము బంతియాట తప్పిన ప్రేక్షకుని భారమువంటిది కాదు. అతడును ముఖాముఖిగా నిలిచి మాటలాడగలవాడే. కాని యిచ్చట తూచవలసినవి రెండు నియమములు మాత్రమే కావు, మూడవది గలదు. కట్టకుండుట యొకటి, నిర్వాసితులను వారి కర్మమునకు విడిచి కట్టుట రెండవది, నీరు నిలుపకముందే భూమికి భూమియు, ఇంటికి ఇల్లును, వృత్తికి వృత్తియు కల్పించి, దాని వ్యయమును లాభము పొందువారందఱిపైని పఱచి కట్టుట మూడవది. మూడవ నియమమున లాభము పొందు నొక్కొక్కనిపై బడు నధికభారము స్వల్పము. రెండవ నియమమున నిర్వాసితునిపై బడునది బ్రదుకంతయు. కాబట్టి రెండవ నియమమును నిర్వాసితుడు సహేతుకముగా నిరాకరింపగలడు; మూడవదానిని నీరు పొందిన రైతుగాని, విద్యుచ్ఛక్తి పొందిన పట్టణవాసిగాని యట్లు నిరాకరింపజాలడు.

ఇందువలన దేలిన దొక్కటి. లాభము పొందువారు పలువురుండుట, ఒక్కనిపై భారము వేయుటకు కారణమని కూడికవాది చెప్పును. నిజమునకది యా భారమును పంచుకొనుటకు కారణము. భుజములు పదియున్నప్పుడు బరువును పదిమందియు నెత్తవచ్చును. పదిమంది యున్నారు గనుక నొక్కడే యెత్తవలెననుట తర్కమునకే విరుద్ధము.

7. ముగింపు

చదువరులారా! ఊరిలోగాని, ఇంటిలోగాని, శాసనసభలోగాని ‘పదిమంది మేలు’ అను మాట వినబడినప్పుడు నాలుగు ప్రశ్నలు వేయుడు. ఈ భారము తప్పనిదా? తప్పనిదైనచో అందఱకంటె నధికముగా నష్టపడువాడెవడు, అతని నడిగితిరా? అతనికెదురుగా నిలుచు నొక్కొక్కని నష్టము, మొత్తముగా గాక వేఱుగా, ఎంత? ఆ భారమును పంచు మార్గ మింకొకటి కలదా? ఈ నాలుగింటికిని తగిన సమాధానము దొరకిన కార్యమును నిస్సంకోచముగా జేయవచ్చును. దొరకని కార్యమునకు పదివేలమంది చేతులెత్తినను, అది సంఖ్యాబలమే గాని సమ్మతి కాదు. నష్టపడువాని కన్నులలోనికి జూచి చెప్పగల కారణము మనకు గలదా యనునదే యొడంబడికధర్మము మనకు నేర్పెడి పాఠము.